సొంత మనుషుల మీదే దూకుతున్న పుంజు: ఉంచాలా, ఇచ్చేయాలా?

పెరటి గుమ్మం:

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఇంటి వెనక కొద్దిపాటి పెరడు ఉంది. రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగ, బావి, బావి పక్కన కోళ్ల గూడు. వెనక వరండాలో మిషను వేసుకుని జాకెట్లు కుడతాను కాబట్టి పగలంతా నా కళ్లముందు ఉండేది ఈ కోళ్లే. పెద్ద పుంజు ఒకటి, పెట్టలు ఏడు, ఒక తల్లి వెనక పిల్లల గుంపు. పెట్టల్లో రెండు వనరాజా అనే మేలురకం కోళ్లు, మిగతావన్నీ నాటువి. వనరాజాలకు గుడ్లు పెట్టడం మీద ఉన్న శ్రద్ధ పొదగడం మీద లేదు. వాటి గుడ్లు కూడా మా బోడిమెడ పెట్ట కిందే పెడతాను. అది ఎవరి గుడ్లు అని అడగదు, కూర్చుంటుంది, అంతే.

పుంజు రంగును డేగ అంటారు. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక. మా అత్తగారు వాడికి మునసబు అని పేరు పెట్టారు. ఆ పదవిని ప్రభుత్వం 1984లోనే రద్దు చేసినా మా పెరట్లో ఇంకా నడుస్తోంది. పొద్దున గూడు తలుపు తీయగానే మొదట వాడే బయటికి వచ్చి, చుట్టూ చూసి, అప్పుడు పెట్టలను రానిస్తాడు. నూకలు చల్లితే తాను తినడు. ఒక గింజను ముక్కుతో ఎత్తి, కింద పడేసి, మళ్లీ ఎత్తి, గొంతులో గునుస్తూ పెట్టలను పిలుస్తాడు. అవి తింటుంటే పక్కన నిలబడతాడు. గద్ద కనిపిస్తే సన్నగా, సాగదీసి ఒక్క అరుపు అరుస్తాడు. అన్నీ మందార చెట్టు కిందికి దూరిపోతాయి. కంచె పక్కన ముంగిస వస్తే మాత్రం అరుపు వేరు. ఆగి ఆగి, గట్టిగా, టకటకమంటూ ఉంటుంది. అప్పుడు ఏ కోడీ దాక్కోదు, మెడలు నిక్కించి అటే చూస్తాయి. మిషను తొక్కుతూనే, తల ఎత్తకుండానే వచ్చింది గద్దో ముంగిసో చెప్పగలను.

ఇంత మంచివాడికి దీపావళి తర్వాత ఏమైందో తెలియదు. మొదట నా చీర కుచ్చిళ్ల మీదికి వచ్చాడు. తర్వాత నీళ్ల బకెట్టు పట్టుకుని వెళ్తే ఎదురు తిరిగాడు. ఆ మధ్య ఒక అమ్మాయి పెళ్లి జాకెట్టు కొలత చూసుకోవడానికి వెనక వైపు నుంచి వచ్చింది. మునసబు ఒక రెక్క కిందికి దించి, పక్కకు పక్కకు నడుస్తూ, నేల మీద ఏదో ఏరుకుంటున్నట్టు నటిస్తూ దగ్గరికి వెళ్లి, ఒక్కసారిగా ఎగిరి ఆ పిల్ల పిక్క మీద తన కాలి వెనక ముల్లు దించాడు. రక్తం వచ్చింది. వాళ్లమ్మ ఇంకా నాలుగు జాకెట్లు ఇవ్వాల్సింది, ఇటువైపు రాలేదు. మావారి జోలికి, మామగారి జోలికి మాత్రం పోడు. ‘ఆడవాళ్లంటే లోకువ దానికి’ అంటారు అత్తగారు.

రెండో తగువు పక్కింటి వాళ్లతో. వాళ్లు పై అంతస్తు వేసుకున్నారు. పడకగది కిటికీ సరిగ్గా మా గూడు మీదికి తెరుచుకుంటుంది. వాళ్లబ్బాయి ఇంటి నుంచే రాత్రి ఉద్యోగం చేసి తెల్లవారుజామున పడుకుంటాడు. ఈ ఏడాది వీధి స్తంభానికి తెల్లటి ఎల్‌ఈడీ దీపం పెట్టిన దగ్గర నుంచి మునసబు రెండింటికే కూత మొదలుపెడుతున్నాడు. వాళ్లు ఇన్నాళ్లూ మర్యాదగానే చెప్పారు, ఇప్పుడు పంచాయతీలో చెబుతామంటున్నారు.

మూడోది అసలు సంగతి. భీమవరం వైపు మనిషి ఒకాయన కంచె మీదుగా వీడిని చూశాడు. లోపలికి వచ్చి, పట్టుకుని, కాళ్లు చూసి, కన్ను చూసి, పదిహేను వేలు ఇస్తానన్నాడు. సంక్రాంతికి బాగా ముందే తేల్చి చెప్పమన్నాడు. మావారు ‘ఇచ్చేద్దాం, మనుషులను పొడిచే కోడి మనకెందుకు’ అంటున్నారు. ఆ డబ్బుకు నేను ఎన్ని జాకెట్లు కుట్టాలో నాకు తెలుసు. అయినా ఇవ్వబుద్ధి కావడం లేదు.

వీడి కొడుకు ఒకడున్నాడు, ఏడు నెలల వాడు. గొంతు ఇంకా పగలలేదు, తండ్రి కూసిన తర్వాతే కీచుమంటూ కూస్తాడు. మునసబును పంపించేస్తే ఈ చిన్నవాడు సరిపోతాడా? పుంజు లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టడం మానేస్తాయని అత్తగారు అంటున్నారు, నిజమేనా? అసలు వీడు మారతాడా? కోళ్లు పెంచేవాళ్లు చెప్పండి.

నిమ్మతోట:

మాది నకిరేకల్ దగ్గర. మా పుంజు కూడా ఇలాగే మీదికి వచ్చేది. భయపడితే ఇంకా ఎక్కువ చేస్తుందండీ. చీపురు కట్ట దగ్గర పెట్టుకోండి, వచ్చినప్పుడల్లా నాలుగు తగిలించండి. గూట్లో ఎండుమిరపకాయల పొగ కూడా వేయమని మా అమ్మ చెప్పేది. మేము అలాగే చేశాం. ఆ తర్వాత మా మీదికి రాలేదు. రాలేదంటే, పండగకు కోసేశాం అనుకోండి.

పాత కాంపౌండరు:

అమ్మా, చీపురు జోలికి పోవద్దు. పై సలహా ఇచ్చినవారే ఫలితం కూడా చివర్లో చెప్పేశారు. మిరపకాయల పొగ అసలే వద్దు. కోడి ఊపిరితిత్తులు చాలా సున్నితం, పొగతో కళ్లు, ముక్కు, గొంతు పాడవుతాయి తప్ప బుద్ధి రాదు.

నేను ఖమ్మం వైపు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. పుంజులు పొడిచిన మనుషుల కాళ్లకు కూడా కట్లు కట్టాను. కోడి పొడిచిందని పెద్దాసుపత్రిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి నా దగ్గరికి వచ్చేవారు. అందుకే ముందు ఆ అమ్మాయి సంగతి అడుగుతున్నాను. ముల్లు దిగిన గాయం పైకి చిన్నగానే కనిపిస్తుంది, లోపల లోతు ఉంటుంది, ఆ ముల్లుకు పెంట అంటి ఉంటుంది. ధనుర్వాతం సూది వేయించారో లేదో ఇవాళే కనుక్కోండి. ఆ వంకన వాళ్లింటికి వెళ్లినట్టూ ఉంటుంది, మిగతా జాకెట్ల మాటా తేలుతుంది.

ఇక మునసబు. ఆడవాళ్లంటే లోకువ అన్న మాట నేను ఒప్పుకోను. మీ ఇంట్లో మగవాళ్లు ఆ పెరట్లోకి వచ్చేదెంత? గూడు తెరిచేది మీరు, గుడ్లు తీసేది మీరు, పొదిగే పెట్ట కింద చెయ్యి పెట్టేది మీరు, పిల్లల మీద గంప మూసేది మీరు. దాని లెక్కలో దాని పెట్టల జోలికి వచ్చేది మీరొక్కరే. ఆ అమ్మాయి కూడా మీ దారినే వచ్చింది. పైగా మొదటిసారి కుచ్చిళ్ల మీదికి వచ్చినప్పుడు మీరు వెనక్కి గెంతే ఉంటారు. ఎవరైనా గెంతుతారు. కానీ వెనక్కి పోయిన పుంజు ఓడిపోయిన పుంజు, అది వాటి నియమం.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చు, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అనే వరస ఉంటుందని 1920ల మొదట్లో నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బె రాశాడు. ఆయన చిన్నప్పటి నుంచే పెరటి కోళ్ల దగ్గర కూర్చుని గమనించినవాడు. గద్ద అరుపూ ముంగిస అరుపూ వేరని మీరు రాసింది చదివితే నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆ రెండు అరుపులు నిజంగానే వేరు. పైనుంచి వచ్చే ప్రమాదానికి ఒకటి, నేల మీద వచ్చేదానికి ఇంకొకటి. ఊరికే కోడిని మేపేవాళ్లకు ఇది తెలియదు. సరే, విషయానికి వస్తాను. ఆ వరసలో మునసబు మిమ్మల్ని తన కింద చేర్చుకుంది. దాన్ని మార్చాలి. కొడితే మారదు, కొట్టడమంటే పందేనికి మీరు ఒప్పుకున్నట్టే.

మీవారి పాత జీన్సు ప్యాంటు చీర కింద వేసుకోండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. చేతిలో చేట పట్టుకుని పెరట్లోకి వెళ్లండి. అది రెక్క దించి పక్కగా వస్తే కదలకుండా నిలబడి చేట అడ్డం పెట్టండి. వెనక్కి అడుగు వేయవద్దు, ముందుకూ ఉరకవద్దు. చేట మీద రెండు మూడు సార్లు ఎగిరి తన్నుతుంది. దెబ్బ తగలదు, ఎదురు దెబ్బా రాదు, దానికి విసుగొస్తుంది. అప్పుడు నేల పొడుస్తున్నట్టు నటిస్తూ పక్కకు తిరుగుతుంది. అదే సమయం. మెల్లగా దాని వైపు నడవండి, అది జరిగి దారి ఇచ్చేదాకా నడవండి. దారి ఇచ్చాక వదిలేసి మీ పని చూసుకోండి. రోజూ ఇదే పని.

సాయంత్రం గూటికి చేరే వేళ దాన్ని రెక్కలు ఒత్తి పట్టుకుని చంకలో పెట్టుకోండి. దాని పెట్టలు చూస్తుండగా పెరడంతా ఒకసారి తిరిగి రండి. ఒళ్లు సడలించి మెడ వాల్చాకే దించాలి, తన్నుకుంటున్నప్పుడు దించితే అదే గెలిచినట్టవుతుంది. ఆ సమయంలోనే ముల్లు కొనను ఆకురాయితో మొద్దుబరచండి. కొన మాత్రమే సుమా. లోపల ఎముక, రక్తం ఉంటాయి, కత్తిరించబోతే ఆగకుండా కారుతుంది.

ఒక నెల ఇలా చూడండి. లేత వయసులో ఇలా తిరగబడినవి చాలావరకు దారికి వస్తాయి, కొన్ని రావు. రానిదాన్ని ఉంచుకోమని నేను చెప్పను. ఒక్క మాట, ఇంట్లో నడక నేర్చే పిల్లలు ఉంటే మాత్రం నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగవద్దు. పుంజు ఎగిరే ఎత్తు, ఆ పిల్లల కంటి ఎత్తు ఒకటే.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, ఆ గుడ్డు పిల్ల కావడానికే కావాలి. పుంజు వెళ్లిపోయిన తర్వాత కూడా రెండు వారాల దాకా పెట్ట పెట్టే గుడ్లు పొదగడానికి పనికివస్తాయి, దాని బీజాన్ని పెట్ట అంతకాలం లోపల దాచుకోగలదు. అందుకే పుంజును మార్చినవాళ్లు కొత్తదాని పిల్లలే కావాలనుకుంటే మూడు వారాలు ఆగి గుడ్లు ఏరతారు.

చిన్న పుంజుకు గద్దె అప్పగించడం నాకు నచ్చలేదు. ఆ పెట్టల్లో దాని తల్లి ఉంది, తోడబుట్టినవి ఉండవచ్చు. రక్తం మారకుండా తరాలు గడిస్తే గుడ్లు పొదగవు, పుట్టిన పిల్లలు నిలవవు. ఏడు పెట్టలకు రెండు పుంజులు ఎలాగూ ఎక్కువే. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి చాలు. రెండు ఉంటే పెట్టల వీపుల మీద ఈకలు మిగలవు. దీపావళి తర్వాత మునసబుకు కోపం పెరగడానికి కారణం కూడా నాకు అక్కడే కనిపిస్తోంది. అప్పటికే కొడుకుకు తురాయి ఎర్రబడుతూ ఉండి ఉంటుంది. దాని మీద పడాల్సినది మీ మీద పడుతోంది. పంపాల్సి వస్తే ముందు చిన్నదాన్ని పంపండి.

ఆ చిన్నది తండ్రి తర్వాతే కూస్తుందని రాశారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో సరిగ్గా దీన్నే చూశారు. గుంపులో పై మెట్టు మీది పుంజు మొదట కూస్తుంది, మిగతావి వరసలో కూస్తాయి. పైదాన్ని తీసేస్తే రెండోది ముందుకు వస్తుంది. అంటే ఏదో ఒక రోజు చిన్నది ముందు కూసిందంటే మీ పెరట్లో గద్దె మారినట్టు. అంతకుముందు 2013లో వాళ్లే ఇంకొకటి తేల్చారు. పుంజుకు కూత వేళ లోపలి గడియారంతోనే తెలుస్తుంది. రోజంతా ఒకేలా మసక వెలుతురులో ఉంచినా దాదాపు రోజుకు ఒకసారి ఆ వేళకు కూస్తూనే ఉంది. కాబట్టి తెల్లవారుజాము కూతను మీరు ఆపలేరు. రెండింటి కూత మాత్రం ఆ వీధి దీపం పనే కావచ్చు. పక్షులకు వెలుతురు కళ్లతోనే కాదు, పుర్రె గుండా మెదడుకు కూడా తెలుస్తుంది. స్తంభం వైపు గూటికి మందంగా గోనె కట్టండి, రెండోవైపు గాలికి వదిలేయండి.

అడగకపోయినా చెబుతున్నాను. పెద్ద కోళ్లకు కొక్కెర తెగులు రాకుండా వేసే ఆర్‌టూబీ టీకా వేయించారా? పిల్లలకు మొదటి వారంలో కంట్లో వేసే లసోటా చుక్క? పండగ రోజుల్లో పుంజులు ఊళ్లు తిరుగుతాయి, వాటితో కొక్కెర తెగులూ తిరుగుతుంది. అది వచ్చిందంటే మునసబు ఉండాలా పోవాలా అనే చర్చే ఉండదు. టీకా సీసాను ఐసులో పెట్టి తెచ్చుకోవాలి. జేబులో వేసుకుని ఎండలో వచ్చి ‘టీకా వేసినా చచ్చిపోయాయండీ’ అన్నవాళ్లను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను.

తులూజ్ తెలుగు:

ఫ్రాన్స్ నుంచి రాస్తున్నాను. పక్కింటి కూత గొడవ చదివి మోరిస్ గుర్తొచ్చింది. ఇక్కడ ఒలెరాన్ ద్వీపంలో ఆ పేరుగల పుంజు మీద పక్కింటి దంపతులు కోర్టుకు వెళ్లారు. వాళ్లు అక్కడికి సెలవులకు వచ్చి ఉండేవాళ్లు. 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు పుంజు వైపే తీర్పు ఇచ్చింది, ఎదురు వెయ్యి యూరోలు కట్టమంది. ఆ పుంజు మరుసటి ఏడాదే చనిపోయింది. 2021లో పల్లెల శబ్దాలు, వాసనలు కూడా ఆ ప్రాంత వారసత్వమేనని పార్లమెంటు చట్టం చేసింది. ఇదంతా మీ పంచాయతీలో పనికిరాదని తెలుసు, అయినా చెప్పాలనిపించింది.

మా ఇంటి యజమానురాలు ఒక పని చేస్తుంది. పుంజు కూయాలంటే మెడ పూర్తిగా పైకి చాచాలి. రాత్రి దాన్ని మాత్రం తల ఎత్తలేనంత తక్కువ ఎత్తున్న చెక్కపెట్టెలో పెట్టి, పొద్దున ఎనిమిదింటికి వదులుతుంది. ఇక్కడ బాగానే పనిచేస్తోంది.

పాత కాంపౌండరు:

తులూజ్‌లో పనిచేస్తుంది, గూడెంలో చంపుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు బాబూ. వేడిని నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఎడంగా పెట్టి బయటికి పంపుకోవాలి. మూసిన చెక్కపెట్టెలో గోదావరి జిల్లా ఉక్క రాత్రి గడపమంటే తెల్లవారి పెట్టె తెరిచి పాతిపెట్టడమే. పుష్య మాసంలో చలికి ఒకటి రెండు రోజులు బతికిపోయినా ఏప్రిల్ దాటదు. ఆ బోడిమెడ పెట్ట మీ కోళ్లన్నిటికన్నా ఎండకు ఎందుకు తట్టుకుంటుందో ఆలోచించండి. దానికి ఈకలు తక్కువ.

మోరిస్ కథ మాత్రం బాగుంది.

కాలవగట్టు:

మాది ఉండి దగ్గర. మా నాన్న, పెదనాన్న పందెం పుంజులు పెంచినవాళ్లు. నేను ఆ పని చేయను. కానీ ఆ లోకం తెలిసినవాడిగా ఆ పదిహేను వేల సంగతి మీకు విడమరిచి చెబుతాను.

పెరటి కోడికి ఎవరూ అంత ఇవ్వరు. మీ మునసబులో అసీలు అనే పందెం జాతి రక్తం ఉంది. ఆయన కాళ్లు చూసింది ఎముక మందం కోసం, కన్ను చూసింది తెలుపు కోసం. మనుషుల మీదికి దూకుతోందని చూసి మోజుపడ్డాడని అనుకోకండి. అసలు పందెం పుంజులు మనుషులతో మహా నెమ్మదిగా ఉంటాయి. పుట్టిన దగ్గర నుంచి చేతుల్లో తిరుగుతాయి కదా. మా ఇంట్లో నాలుగు కిలోల పుంజు మా చెల్లెలి ఒళ్లో నిద్రపోయేది. మీవాడి కోపం దానికి అదనపు అర్హత ఏమీ కాదు.

ఇచ్చారనుకోండి, ఏం జరుగుతుందంటే: పెట్టలకు కనపడకుండా విడిగా కడతారు. చోళ్లు, గంట్లు, బాదంపప్పు, ఉడికించిన గుడ్లు, మటన్ ఖీమా పెడతారు. చెరువులో ఈదిస్తారు. వేడినీళ్లతో ఒళ్లు కాపుతారు. మీ ఇంట్లో ఎవరికీ జరగని వైభోగం. తర్వాత ముల్లు ఉన్నచోట కత్తి కట్టి బరిలో వదులుతారు. అది ఎంతసేపో చెప్పలేను, కొన్ని పందేలు నిమిషంలో అయిపోతాయి. ఓడినదాన్ని కోస అంటారు, పండగ పూట దాని మాంసానికి గిరాకీ వేరు. గెలిచినది కూడా చాలాసార్లు ఒళ్లంతా చీరుకుపోయే వస్తుంది. ఆయన కత్తి కట్టని డింకీ పందేనికే అంటాడు. అందరూ అమ్మేవాళ్ల దగ్గర అదే అంటారు.

జంతు హింస నివారణ చట్టం 1960 నుంచి ఉంది. 1974 నాటి జూద చట్టమూ ఉంది. ప్రతి జనవరిలో హెచ్చరికలూ వస్తాయి, బరులూ వెలుస్తాయి. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అనుకుని అమ్మవద్దు. అమ్మితే తెలిసి అమ్మండి, అమ్మకపోతే తెలిసి మానేయండి. మీ ఇబ్బంది మీకు ఉంది, పదిహేను వేలు చిన్న మొత్తం కాదు. నేను ఉచిత సలహా ఇచ్చి మంచివాడిని అనిపించుకోను.

చిన్న పుంజు విషయంలో మాత్రం ఒక దారి చెప్పగలను. చింతలపూడి దగ్గర మా మామయ్యకు మామిడితోట ఉంది. అక్కడ పది పన్నెండు పెట్టలున్నాయి, పుంజును కుక్కలు పట్టుకుపోయాయి. చిన్నవాడిని ఇస్తే తీసుకుంటాడు, బదులుగా రెండు పెట్టపిల్లలను ఇస్తాడు. పందేనికి ఇవ్వడు. మా అత్తయ్య ఉన్నంతవరకు ఇవ్వలేడు కూడా.

పెరటి గుమ్మం:

అందరికీ కృతజ్ఞతలు. వెంటనే రాయలేదు, పెళ్లిళ్ల కుట్టుపని తలమునకలుగా ఉంది.

కాంపౌండరు గారు, ఆ అమ్మాయికి సూది ఆ రోజే వేయించారట. నేను వెళ్లి పలకరించాక వాళ్లమ్మ రెండు జాకెట్లు పంపింది. మిగతా రెండు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. పోనీలెండి, అవి రెండూ మగ్గం పని ఉన్నవి, ఎలాగూ నాకు చాలా రోజులు పట్టేవి.

జీన్సు ప్యాంటు వేసుకున్నాను. మా అత్తగారు వరండాలో కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. చేట మీద వాడు ఎంత గట్టిగా తన్నాడంటే వెదురు బద్ద విరిగింది, ప్లాస్టిక్ చేట కొన్నాను. మొదటి వారం ఏమీ మారలేదని నాకు అనిపించింది. తర్వాత ఒకరోజు నేను బకెట్టుతో వస్తుంటే వాడు రెక్క దించబోయి, ఆగి, పక్కకు తిరిగి మట్టి పొడవడం మొదలుపెట్టాడు. నేను నడుచుకుంటూ వెళ్లాను, దారి ఇచ్చాడు. ఇప్పుడు సాయంత్రం చంకలో పెట్టుకుంటే గొణుగుతాడు గానీ తన్నుకోడు. వెనక దారికి తడిక కట్టించాను. కొలతలకు వచ్చేవాళ్లు ముందు గుమ్మం నుంచే వస్తున్నారు.

చిన్నవాడు మామిడితోటకు వెళ్లాడు. రెండు పెట్టపిల్లలు వచ్చాయి. ఒకటి బూడిద రంగు, ఇంకొకటి నలుపు. మా మచ్చల పెట్ట వాటిని గింజల దగ్గరికి రానివ్వడం లేదు, మీరన్న వరస అక్కడ రోజంతా నడుస్తోంది. మునసబు మాత్రం వాటిని ప్రత్యేకంగా పిలిచి గింజలు చూపిస్తున్నాడు. అత్తగారికి అది నచ్చలేదు.

గోనె కట్టాక కూత నాలుగింటికి వెళ్లింది. పక్కింటి అబ్బాయికి నాలుగు కూడా అర్ధరాత్రే. అయినా రెండింటి కన్నా నయమన్నాడు. పంచాయతీ మాట ప్రస్తుతానికి ఎత్తడం లేదు. స్తంభం మీది దీపానికి రేకు అడ్డం పెట్టించమని వాళ్లూ మేమూ కలిసి అర్జీ ఇచ్చాం. ఆ వెలుతురు వాళ్ల కిటికీలోకి కూడా పడుతోందట.

పదిహేను వేల మనిషి మళ్లీ వచ్చాడు, పద్దెనిమిది అన్నాడు. మావారు నా వైపు చూశారు. నేను ఏదో అనేలోపే అత్తగారు లోపలి నుంచి వచ్చి ‘మా ఇంటి పుంజును కత్తికి ఇవ్వం బాబూ, కూరకు కావాలంటే మేమే వండుకుంటాం’ అని పంపించేశారు.  దీని గురించి నేను ఆవిడను ఏమీ అడగలేదు.

ఇప్పుడు కొత్త సమస్య. నా జోలికి రావడం మానేశాడు గానీ, మొన్న కొబ్బరికాయలు దించడానికి పెరట్లోకి వచ్చిన మావారి మీదికి దూకాడు. ఇన్నాళ్లూ ఆయనను తాకనివాడు! ఆయన లుంగీ పట్టుకుని బావి చుట్టూ పరుగెత్తారు.

పాత కాంపౌండరు:

పరుగెత్తారంటే ఆయన ఓడిపోయినట్టే. మీరు పై మెట్టుకు వెళ్లారు, ఆ ఖాళీలో ఆయనను చేర్చుకుంది. చేట ఇప్పుడు ఆయనకు ఇవ్వండి. సాయంత్రం పూట ఆయనను కూడా చంకలో పెట్టుకుని తిరగమనండి. పుంజునే.

కొత్త పెట్టపిల్లలను కొన్నాళ్లు విడిగా గంప కింద ఉంచి చూసుకోవాల్సింది. ఇప్పుడైనా వాటి రెట్ట రోజూ గమనించండి, పచ్చగా గానీ తెల్లగా గానీ పడితే వెంటనే వేరు చేయండి. గింజలు రెండు చోట్ల చల్లితే మచ్చల పెట్ట రెండింటికీ కాపలా కాయలేదు.

ఆర్‌టూబీ వేయించారో లేదో మాత్రం మీరు రాయలేదు.